మనవాడి గీత

నాకు నోరు ఎక్కువని మా క్లబ్బులో అందరూ అంటారు. నిజమే. ఇరవై ఏళ్ళుగా కుట్టుమిషను ముందు కూర్చుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషిని. అలాంటిదాన్ని ఆ ఎండాకాలం పదకొండు రోజులు ఒక్క సంగతి కడుపులో దాచుకున్నాను. నోరు జారి కొంప ముంచినవాళ్ళని చాలామందిని చూశాను. నోరు మూసుకుని ముంచింది మాత్రం నేనే.

మాది బాస్కెట్‌బాల్ క్లబ్బు. ఆకుపచ్చ జెర్సీ, దాని మీద తెల్ల అక్షరాలు. ఆ అక్షరాలు కత్తిరించి కుట్టడం నా పని. పోటీలు జరిగే నెలల్లో చిరిగినవి కుడతాను. ఎండాకాలం పోటీలుండవు కాబట్టి కుట్టినవి విప్పుతాను. జట్లు ఆటగాళ్ళని మార్చుకునేది అప్పుడే. మా వాణ్ణి వాళ్ళకిచ్చి వాళ్ళ వాణ్ణి మేం తెచ్చుకుంటాం. వెళ్ళేవాడి పేరు విప్పాలి, వచ్చేవాడి పేరు కుట్టాలి. దానికి మేనేజరు ఒక కాగితం ఇస్తాడు. ఉండేవాడి నంబరు పక్కన టిక్కు, వెళ్ళేవాడి నంబరు మీద అడ్డగీత.

అందుకే మా ఆటగాళ్ళలో ఒక మాట పుట్టింది. ఎవడైనా జట్టు మారితే వాడి మీద గీత పడిందంటారు. ఎండాకాలం మొదలైందంటే చాలు, పోతూ వస్తూ నా గది గుమ్మంలో ఆగి అరచెయ్యి చాపుతారు. అక్కా, నా గీత ఎలా ఉందో చూడు అంటారు. నేను కత్తెర మొనతో వాళ్ళ అరచెయ్యి గీకి, నీకు పెళ్ళిగీత లేదురా అనో, తిండిగీత మోచేతిదాకా పాకిందనో ఏదో ఒకటి అని తరిమేస్తాను. నిజం అడక్కూడదు, నిజం చెప్పకూడదు. ఎవరూ పెట్టని రూలు అది, అందరం పాటించేవాళ్ళం.

నా గది ప్రేక్షకుల మెట్ల కింద ఉంటుంది. పైకప్పు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి గుమ్మం దగ్గర నిలబడొచ్చు, గోడ దగ్గరికి వెళితే వంగాలి. తలుపు తెరిస్తే ఎదురుగా కోర్టే. ఆ ఎండాకాలం గుర్తు చేసుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఖాళీ కోర్టు. పైన కిటికీల నుంచి ఎండ చారలు చారలుగా నేల మీద పడి, మధ్యాహ్నమంతా ఈ బుట్ట దగ్గర్నుంచి ఆ బుట్ట దగ్గరికి మెల్లగా నడిచేది. దుమ్ము అందులో ఈదుతూ ఉండేది. ఎవరూ లేకపోయినా బంతి కొడుతున్న చప్పుడు వినిపించేది. లేచి వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. మళ్ళీ వచ్చి కూర్చుంటే మళ్ళీ వినిపించేది. ఇరవై ఏళ్ళు విన్న చప్పుడు, సెలవులని నా చెవికి ఎవరూ చెప్పలేదనుకుంటాను.

ఏడో నంబరు వాడు మా ఇంటి మేడ మీద గదిలో ఉండేవాడు. అయిదేళ్ళుగా మా జట్టుని వాడే ఆడించాడు. వీధిలో నడుస్తుంటే జనం తలెత్తి చూసేంత పొడుగు. కానీ జట్టులో అందరికంటే పొట్టి. అందుకని వాడి పేరు పొట్టోడు. వీధిలో ఎవరైనా ఆ పేరు వింటే పొట్టోడెక్కడ అని చుట్టూ వెతికేవాళ్ళు.

నన్ను అక్కా అనేవాడు. మా అమ్మని మామ్మా అనేవాడు. నేను అక్కనైతే ఆవిడ నీకు అమ్మ అవుతుంది కదరా, ఇదేం వరస అంటే, నువ్వు అక్కవే, ఆవిడ మామ్మే, మధ్యలో ఒక తరం జారిపోయింది అనేవాడు.

నిజానికి ఆ వరస కలిపింది వాడు కాదు, రేడియో. అమ్మకి చెవులు సగమే పనిచేస్తాయి, అదీ తనకి కావాల్సిన సగం. మా ఆటలు రేడియోలో చెప్పే పెద్దాయన మా ఊరివాడు. నిష్పక్షపాతం అన్న మాట ఆయనకి తెలీదు. పొట్టోడి పేరు ఎప్పుడూ పలికేవాడు కాదు. మనవాడు అందుకున్నాడు, మనవాడు ఎగిరాడు, మనవాడు వేసేశాడు, ఇదే వరస. నేను పెళ్ళి చేసుకోలేదు, నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. అమ్మకి మనవడు పుట్టే దారే లేదు. రేడియోలో మాత్రం ఆవిడకి వారం వారం మనవడు ఆడుతున్నాడు. 'మనవడు కాదమ్మా, మనవాడు. మధ్యలో దీర్ఘం ఉంది' అని నేను విడమరిచి చెప్పాను. 'దీర్ఘం ఉంటే ఏం, లేకపోతే ఏం, మనిషి ఒక్కడేగా' అంది. ఆ తర్వాత నేను దిద్దడం మానేశాను.

ఆ సంవత్సరం కాగితం మేనేజరు తనే పట్టుకొచ్చాడు. మామూలుగా ప్యూనుతో పంపుతాడు. తలుపు దగ్గరికి వేసి మరీ ఇచ్చాడు. మూడో నంబరు మీద గీత, అది నేను అనుకున్నదే. ఏడు మీద గీత. కలం జారిందేమో అనుకుని వేలితో చూపించాను.

'జారలేదు,' అన్నాడు. 'మనకి ఎత్తు కావాలి. ఫైనల్లో ఎలా ఓడామో చూశావుగా. నీలం జట్టు వాళ్ళ పొడుగాటి పిల్లాడు వస్తున్నాడు. వాళ్ళు ఇతన్ని తప్ప ఇంకెవర్నీ అడగలేదు.'

వాడికి చెప్పారా అన్నాను. సంతకాలు కాలేదట, రెండు వారాలు పడుతుందట. ముందే బయటికి పొక్కితే అవతలివాళ్ళు బెట్టు చేస్తారట. 'పని మొదలుపెట్టు. నోరు మాత్రం మొదలుపెట్టకు,' అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు కానీ నాకు నవ్వు రాలేదు. కాగితం మడిచి దారాల డ్రాయరులో అడుగున పెట్టాను.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి గుమ్మం దాకా రంగు వాసన. మేడ మీద పొట్టోడు మంచం నడిమధ్యకి లాగి, దాని మీద పాత దుప్పటి కప్పి, గోడకి పసుపురంగు వేస్తున్నాడు. అమ్మ కుర్చీ మెట్ల దగ్గర వేయించుకుని కింద నుంచి సలహాలు ఇస్తోంది. రంగు ఎందుకురా అంటే, పాపకి పసుపు కావాలట అన్నాడు.

వాడికి పెళ్ళై అయిదేళ్ళు, పాపకి నాలుగు. భార్య దూరంగా ఇంకో ఊళ్ళో బడిలో టీచరు. ఆటగాడి ఉద్యోగం ఎప్పుడు ఎక్కడికి పోతుందో తెలీదని ఆవిడ తన ఉద్యోగం వదల్లేదు. సంవత్సరంలో ముప్పై రోజులు కలిసి ఉంటే గొప్ప. పాప వాణ్ణి ఫోనులో నాన్నా అని, ఎదురుగా కనిపిస్తే తల్లి వెనక దాక్కునేదట. అయిదేళ్ళు ఒకే జట్టులో నిలబడ్డాడు కాబట్టి ఇప్పుడు ఆవిడకి ధైర్యం వచ్చింది. బడి వాళ్ళకి ఆ వారంలో రాజీనామా ఇవ్వాలి, లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి. 'నువ్వు అక్కడే ఉంటావని ఒక్కమాట చెప్పు, ఇచ్చేస్తాను అంటోంది' అని చెబుతూ, బ్రష్ అంచున కారుతున్న చుక్కని వేలితో పట్టుకున్నాడు. నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. ఎండకి కళ్ళు తిరిగాయని అమ్మతో అన్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం నా గదికి వచ్చాడు. ఎండ చారలు సరిగ్గా కోర్టు మధ్య గీత మీద ఉన్నాయి, అది బాగా గుర్తుంది. గుమ్మంలో నిలబడి అరచెయ్యి చాపాడు. మోచేతిదాకా పసుపు.

'అక్కా, నా గీత చూడు.'

నేను కత్తెర తీసుకున్నాను. వాడు నవ్వట్లేదు. 'ఆట కాదక్కా,' అన్నాడు. 'ఈ రోజు ఆవిడకి ఫోన్ చేయాలి. నీకు తెలుస్తుంది కదా. నిజంగా చూసి చెప్పు.'

ఎవరూ పెట్టని రూలుని వాడు దాటాడు. నేను దాటలేకపోయాను. డ్రాయరు నా మోకాలికి తగులుతోంది. ఉద్యోగం గుర్తొచ్చింది, మేనేజరు ముఖం గుర్తొచ్చింది, సంతకాలు కాకుండానే బేరం చెడిపోవచ్చు కదా అని ఒక పిచ్చి ఆశ కూడా వచ్చింది. ఇవన్నీ కలిసి నా నోటి నుంచి ఏం వచ్చిందంటే:

'చేతినిండా రంగే ఉంది, గీత ఎక్కడ కనిపిస్తుందిరా? వెళ్ళి రంగు వేసుకో.'

వాడి ముఖం విప్పారింది. అంత పొడుగు మనిషి పిల్లాడిలా తల ఊపి, ఏటవాలు కప్పుకి నుదురు కొట్టుకుని, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. నేను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. వాడు విన్నది మాత్రం ఉండమన్న మాట. వాడు అలా వింటాడని నాకు తెలుసు. ఆ సాయంత్రమే భార్యకి ఫోన్ చేసి మా అక్క చెప్పింది, వచ్చెయ్యండి అన్నాడట.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. ఎండ ముదిరింది. వీధులు మధ్యాహ్నానికే నిద్రపోయేవి. నేను పొద్దున వెళ్ళి మూడో నంబరు విప్పాను. పాత టవళ్ళ అంచులు కుట్టాను. చిరగని సంచులు కూడా కుట్టాను. ఏడో నంబరు జోలికి పోలేదు. ఇంటికి వస్తే మేడ మీద ఒక్కో గోడా పసుపురంగులోకి తిరుగుతోంది. కిటికీ తలుపులు తెరిచి ఉంటే మా వీధి మొదట్లోంచే ఆ వెలుతురు కనిపించేది. ఏ గోడకి ఆ గోడ పూర్తవగానే పొట్టోడు అమ్మని చెయ్యి పట్టుకుని మేడెక్కించి చూపించేవాడు. అమ్మకి చూపు కూడా అంతంతే. గోడకి ముక్కు ఆనించి, వెచ్చగా ఉందిరా అనేది.

ప్రతి సాయంత్రం ఈ రోజు చెప్పేద్దాం అనుకుంటూ మెట్లెక్కేదాన్ని. పైకి వెళ్ళేసరికి వాడు పాప మంచం ఏ మూల వేస్తే బాగుంటుందని అడిగేవాడు. కిటికీ దగ్గర వెయ్యి, గాలొస్తుంది అనేదాన్ని. దిగి వచ్చేదాన్ని. నా మీద నాకే అసహ్యం వేసేది.

పదకొండో రోజు మేనేజరు ఫోన్ చేశాడు. మర్నాడు సంతకాలు, జెర్సీలు తయారుగా ఉండాలి. ఇక తప్పక ఏడో నంబరు బల్ల మీద పరిచాను. కుట్టు విప్పడానికి నా దగ్గర చిన్న కొక్కెం ఉంది. దాంతో ఒక్కో అక్షరం అంచు చుట్టూ తిరుగుతూ దారం లాగాలి, గుడ్డ చిరక్కూడదు. వాడి పేరు అయిదు అక్షరాలు. అయిదూ నేను కుట్టినవే. అయిదేళ్ళ ఉతుకులకి జెర్సీ అంతా వెలిసిపోయింది, అక్షరాల కింద గుడ్డ మాత్రం కొత్తదానిలా ముదురాకుపచ్చగా ఉంది. అన్నీ విప్పేశాక కూడా పేరు అలాగే కనిపిస్తోంది. తెలుపు పోయి ఆకుపచ్చలో ఉంది, అంతే తేడా. నేను దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు.

'అక్కా, పాత గుడ్డ ఏదైనా ఉంటే ఇవ్వు. బ్రష్ తుడవాలి.'

తల ఎత్తేసరికి వాడు బల్ల ముందున్నాడు. దాచే వ్యవధి లేదు. బల్ల మీద జెర్సీ, దాని పక్కన వరసగా అయిదు తెల్ల అక్షరాలు. వాడు చాలాసేపు చూశాడు. తర్వాత వేలితో ఆ ముదురాకుపచ్చ పేరు మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా రాశాడు.

'ఎంత బాగా విప్పావక్కా,' అన్నాడు. 'ఒక్క చోట కూడా చిరగలేదు.'

కాగితం ఎప్పుడొచ్చిందని అడిగాడు. పదకొండు రోజులైందని చెప్పాను. వాడు లోలోపల లెక్క వేసుకున్నట్టున్నాడు. ఆవిడ రాజీనామా ఇచ్చి వారమైంది, బడి వాళ్ళు ఇంకొకర్ని తీసేసుకున్నారు అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది. ఒరే, అదీ, అంటూ నేనేదో మొదలుపెట్టబోయాను.

'నువ్వు అబద్ధమాడలేదులే అక్కా. రంగు వేసుకోమన్నావు, వేశాను.'

మూల నుంచి చిరిగిన టవలు ఒకటి తనే తీసుకుని వెళ్ళాడు. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్ళడానికి భయపడి వీధులన్నీ తిరిగాను. చివరికి వెళ్ళేసరికి వాడు నాలుగో గోడ పూర్తి చేస్తున్నాడు. నేను మెట్ల మీద ఆగిపోయాను. సగం గోడ వదిలేస్తే వచ్చేవాడు ఏమనుకుంటాడు మామ్మా అని అమ్మతో అంటున్నాడు. అమ్మకి సగమే వినిపించింది. 'ఎవరొస్తున్నారు? పాపేనా?' అంది.

మర్నాడు మేనేజరు వాణ్ణి గదిలోకి పిలిచి సంగతి చెప్పాడు. వాడు అప్పుడే విన్నట్టు కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయాడట. పాపం బాగా షాకయ్యాడని మేనేజరే నాతో అన్నాడు. నా పేరు ఎక్కడా రాలేదు. వాడు నన్ను కాపాడాడు. అది తెలిశాక నాకు ఇంకా సిగ్గేసింది.

ఏడో నంబరు జెర్సీ ఇక క్లబ్బుకి పనికిరాదు. దాని మీద ఎవరి పేరు కుట్టినా కింద వాడి పేరు కనిపిస్తుంది. పారెయ్యమన్నారు. నేను దాన్ని కత్తిరించి పాపకి గౌను కుట్టాను. వెనక భుజాల మధ్య ఆ ముదురాకుపచ్చ పేరు సరిగ్గా వచ్చేట్టు కొలత చూసుకున్నాను. చెప్పాల్సిన మాట చెప్పడం చేతకాక గౌను కుట్టానని నాకు తెలుసు. వాడు వెళ్ళే పొద్దున బ్యాగులో పెట్టబోతే, విప్పి చూసి, మడత కలిపి పైనే పెట్టుకున్నాడు. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని వేరే ఊరు వెళ్తున్నానని చెప్పాడు. ఆటకేగా, జాగ్రత్తగా ఆడు అంది అమ్మ. వాడు వెళ్ళాక రెండు రోజులు మేడ మీద కిటికీలు తెరిచే ఉంచాను. పసుపు గది ఖాళీగా వెలుగుతూ ఉండేది. పొద్దున్నే కళ్ళు తెరిస్తే వాడు ఇంకా ఉన్నాడనిపించేది, పాప కూడా వచ్చేసిందనిపించేది. పూర్తిగా మెలకువ వచ్చేదాకా అలాగే పడుకునేదాన్ని.

వాడి బదులు వచ్చినవాణ్ణి జట్టులో దూలం అన్నారు. మా మేడగది గుమ్మానికి మొదటి రోజే మూడుసార్లు తల కొట్టుకున్నాడు. మెత్తని మనిషి. పసుపు గోడలు చూసి, చిన్నపిల్లలు ఉండేవారా ఇక్కడ అని అడిగాడు. లేదు, ఉండాల్సింది అన్నాను.

పోటీలు మొదలయ్యాయి. మొదటి మ్యాచ్ మా కోర్టులోనే, నీలం జట్టుతో. ఎవరు రాశారో ఆ వరస. సాయంత్రానికి మెట్లన్నీ నిండిపోయాయి. నా నెత్తి మీద వేల కాళ్ళ చప్పుడు. నీలం జెర్సీలో పొట్టోడు కోర్టులోకి వస్తే మా జనం సగం చప్పట్లు కొట్టారు, సగం ఈలలు వేశారు. నేను గుమ్మం దాటలేదు. నా బల్ల మీద చిన్న రేడియో పెట్టుకుని, తలుపు ఓరగా తెరిచి విన్నాను. పెద్దాయన ఆ రోజు చాలా జాగ్రత్తగా ఉన్నాడు. మనవాడు అనడానికి ఎవరూ లేక నంబర్లు చదువుతున్నాడు.

సగం ఆట అయ్యాక తలుపు తోసుకుని నీలం జెర్సీ లోపలికి వచ్చింది.

'అక్కా, ఒక అక్షరం ఊడింది.'

వాళ్ళ క్లబ్బులో అక్షరాలు కుట్టరు, వేడి మిషనుతో అంటిస్తారు. వాడి పేరులో మూడో అక్షరం చెమటకి లేచి వేలాడుతోంది. వాళ్ళ బట్టల మనిషి రాలేదట. జెర్సీ విప్పి బల్ల మీద వేసి స్టూలు మీద కూర్చున్నాడు. నా దగ్గర నీలం దారం లేదు. ఆకుపచ్చతో కుట్టనా అంటే కుట్టు అన్నాడు. నేను అక్షరం కింద వేలు పెట్టి కుట్టడం మొదలుపెట్టాను. పాప ఎలా ఉందని మాత్రం అడగగలిగాను.

'ముగ్గురం ఒకచోటే ఉన్నాం. వాళ్ళిద్దరూ వచ్చారు, మూడో వరసలో ఉన్నారు. గౌను వేసుకుంది,' అన్నాడు. 'ఆవిడకి ఇంకా ఉద్యోగం దొరకలేదు. రోజూ పొద్దున్నే లేచి తయారవుతుంది. తలుపు దాకా వెళ్ళాక గుర్తొస్తుంది, ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని. వచ్చి కూర్చుంటుంది.'

సూది నా వేలికి దిగింది. నెత్తి మీద కాళ్ళ చప్పుడు, బయట బూర శబ్దం, అన్నీ దూరంగా వెళ్ళిపోయాయి. దారం కొస కొరికి జెర్సీ ఇచ్చాను. వాడు తొడుక్కుని, గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అరచెయ్యి చాపాడు.

'చూడు. ఇప్పుడు రంగు లేదు.'

చెయ్యి పట్టుకుని చూశాను. బంతి కొట్టి కొట్టి అరచెయ్యి నున్నగా అరిగిపోయి ఉంది.

'నాకు చూడటం రాదురా,' అన్నాను. 'ఎప్పుడూ రాదు.'

వాడు నా చేతిని ఒకసారి నొక్కి, తల కాచుకుంటూ వంగి బయటికి వెళ్ళాడు. కప్పు ఎక్కడ తగులుతుందో వాడికి ఇంకా గుర్తుంది.

చివరి నిమిషానికి మేం ఒక్క పాయింటు పైన ఉన్నాం. నేను తలుపు పూర్తిగా తెరిచి నిలబడ్డాను. మూడో వరసలో ఒక చిన్నపిల్ల బెంచీ మీద వెనక్కి తిరిగి నిలబడి ఎవరితోనో మాట్లాడుతోంది. వీపు మీద ముదురాకుపచ్చ పేరు అంత దూరం నుంచి కూడా చదవగలిగాను. పక్కన ఒకావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుని ఉంది. క్లాసులో టీచరు కూర్చున్నట్టే ఉంది. బంతి పొట్టోడి చేతికి వచ్చింది. దూలం రెండు చేతులూ ఎత్తి అడ్డం నిలబడ్డాడు. వాడు ఆ చేతుల కింద నుంచి దూరి, ఎప్పుడు ఎగిరాడో తెలీదు, బంతి బుట్టలో పడింది. బూర మోగింది.

నా వెనక రేడియోలో పెద్దాయన గొంతు చించుకున్నాడు. 'వేసేశాడు, మనవాడు వేసేశాడు! గెలిచాం!' తర్వాత ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత మెల్లగా, 'క్షమించాలి' అన్నాడు. అయిదేళ్ళ అలవాటు ఆయన నోటి మీదికి వచ్చేసింది. ఇళ్ళల్లో రేడియో వింటున్న జనం ఓడిపోయిన బాధలో కూడా నవ్వారట. ఊరంతా వారం రోజులు ఆయన్ని ఆటపట్టించింది.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ రేడియో పక్కనే కూర్చుని ఉంది. ముఖం వెలిగిపోతోంది.

'మనవడు గెలిచాడటగా?'

'ఎవరు చెప్పారు?'

'రేడియో ఆయనే చెప్పాడు,' అంది. 'అంత మంచి కబురు చెప్పి, తర్వాత ఎందుకో క్షమించమన్నాడు పాపం. ఆయన చేసిన తప్పేముంది?'

ఊళ్ళో అందరూ ఆయన తప్పు పలికాడనుకున్నారు. అయిదేళ్ళుగా తప్పుగా వింటున్న మా అమ్మ ఒక్కతే ఆ రోజు సరిగ్గా విన్నది. గెలిచాడమ్మా, అన్నాను. ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. ఆ క్షమించమన్న మాట నాది. నాలుగు నెలల కిందటే నా నోటి నుంచి రావాల్సింది, దారి తప్పి ఆయన నోటికి వెళ్ళింది.

మర్నాడు పొద్దున, పొట్టోడి భార్య తయారై తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి కూర్చునే వేళ అయ్యుంటుందనుకున్నాక, వాళ్ళ ఇంటికి ఫోన్ చేశాను. ఆవిడే తీసింది. ఎవరండీ అంది.

'నేను. జెర్సీలు కుట్టేదాన్ని,' అన్నాను. 'మీతో ఒక మాట చెప్పాలి. మీ ఆయనతో కాదు, మీతోనే.'